అన్నంలో ఉప్పు ఎవరు వేశారు

"పులుసు ఉప్పుకషాయమైంది."

థోమ్ అత్తగారు ఈ మాట అననిదే మా ఊరు యోంగ్ మేలో పొద్దు పైకి వచ్చేది కాదు. సూర్యుడు సముద్రం అంచు మీద గడ్డం ఆనించుకుని, ముసలావిడ మొదటి చెంచా నోట్లో పెట్టుకునేదాకా కాచుకుని ఉండేవాడని మా ఇసక దిబ్బల మీద చెప్పుకుంటారు. ఆవిడ చెంచా పెట్టుకునేది, మొహం చిట్లించేది, మాట అనేది, అప్పుడు తెల్లవారేది. ఆ వెంటనే కొబ్బరిచెట్టుకు కట్టిన మైకు గొంతు సవరించుకునేది. "ఊరివారికి తెలియజేయునది. ఐదో బెన్ గారు ఈ ఉదయం కొలిచి చెప్పిన ప్రకారం మన పంపు నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఉల్లిమడులకు పెట్టుకోవచ్చు."

ఆ సమయానికి ఐదో బెన్ గారు, అంటే థోమ్ మొగుడు, ఊయలలో వెల్లకిలా పడుకుని, ఒక కాలు కిందికి వేలాడేసి, నోరు తెరుచుకుని నిద్రపోతుండేవాడు. నీళ్ళు కొలిచిన తాడు వంటింటి చూరుకు వేలాడుతూ థోమ్ భుజం మీద చుక్కలు రాల్చేది.

మా వైపు తొలిచూలు బిడ్డను ఒకటి అనరు, రెండు అంటారు. మొదటి బిడ్డ అని తెలిస్తే దెయ్యాలు ఎత్తుకుపోతాయని పూర్వం ఎవరో పెద్దమనిషి కనిపెట్టాడు. దెయ్యాలకు లెక్కలు రావని ఆయన నమ్మకం. అక్కణ్ణించి మూడు, నాలుగు, ఐదు. మనిషికి పేరున్నా పిలుపు మాత్రం అంకెతోనే. థోమ్ పుట్టింట్లో ఏడు. బెన్ తన ఇంట్లో ఐదు. పెళ్ళయిన రోజున ఏడు కాస్తా ఐదైపోయింది. "రెండు మెట్లు పైకెక్కావు పో" అని తోడికోడలు వేళాకోళమాడింది. ఎక్కిన సంగతేమో గాని, ఆ తరవాత ఏడో థోమ్ అనే మనిషి ఎవరికీ కనపడలేదు. అందరికీ ఐదొదిన, ఐదో పిన్ని, ఐదో కోడలు. ఒక్క రెండక్క మాత్రం ఆమెను ఇంకా "ఏడూ" అని పిలిచేది. రెండక్క అంటే థోమ్ పెద్దక్క. తల్లి పోయాక చెల్లెళ్ళను సాకుతూ సాకుతూ తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. పుట్టింటి ఉల్లిమడి ఒక్కటే ఆమెకు మొగుడూ పిల్లలూను. పంపుకు అవతలి పక్క దడి దాటితే ఆ మడి. అందులో వేసేది అమ్ముకునే ఉల్లి కాదు, విత్తనపుల్లి. వాళ్ళమ్మ ఏటా పొయ్యిమీద అటక మీద పొగకు ఆరబెట్టి దాచిన విత్తనమే, చేతులు మారి రెండక్క దాకా వచ్చింది. ఆ పాయల ఎరుపు చూసి కొత్త పెళ్ళికూతుళ్ళు అసూయపడేవారంటే నమ్మండి.

మా ఊరికి ఎటు చూసినా ఉప్పే. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుమళ్ళు, ఒక పక్క రొయ్యల చెరువులు. దిబ్బ కింద మాత్రం వానాకాలమంతా ఇసక తాగిన తియ్యనీళ్ళు చాపలా పరుచుకుని ఉంటాయి. ఆ చాప కింద మళ్ళీ సముద్రమే. ఎండలు ముదిరి, అందరూ ఒక్కసారిగా మడులకు తోడితే చాప పలచబడి సముద్రం పైకి లేస్తుంది. ఒక ఏడాది పంపు గొట్టంలోంచి పీత బయటికొచ్చి, మా తాతను రేవుకు దారి అడిగిందట. తాత చూపించాడట కూడా. అందుకే నీళ్ళాఫీసు వాళ్ళు పంపు పక్కన సన్నటి గొట్టమొకటి లోతుగా దింపి, రోజూ తెల్లవారకముందే అందులోంచి నీళ్ళు తీసి, ఉప్పు చూపించే పుల్ల ముంచి, మైకుకు చెప్పాలన్నారు. పుల్ల మీద ఉప్పు గీత దాటితే ఆ పూట పంపు తెరవకూడదు. గొట్టం దింపిన జాగా థోమ్ మామగారు ఇచ్చినది కాబట్టి ఉద్యోగం ఆయన కొడుక్కి ఇచ్చారు. బెన్ పట్నం వెళ్ళి శిక్షణ తీసుకుని, నెత్తిన కొత్త టోపీతో తిరిగొచ్చాడు. టోపీ ఇప్పటికీ గోడకు ఉంది. శిక్షణ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మొదటి రెండు పొద్దులు లేచాడు. మూడో పొద్దున, "చలిగా ఉందే, నువ్వు చూసిరా" అన్నాడు. అంతే. అత్తగారు కూడా సర్దిచెప్పింది. "ఆడది తాడు పట్టుకుని గొట్టం దగ్గర నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పేరు వాడిది ఉండనీ. నువ్వు చేసిపెట్టు." చూసేవాళ్ళ సంగతి అలా పేరుతో సర్దుకుంది. గొట్టం దింపిన రోజున ఆఫీసువాళ్ళకు టీ పోస్తూ థోమ్ విన్న మాటొకటి ఉంది. తాడుకు కట్టిన సీసా గొట్టం అడుగుదాకా దిగాలి, పైపైన తేలే నీళ్ళు సముద్రం పొంగినా తియ్యగానే ఉంటాయి, వాటిని నమ్మితే మునిగినట్టే అని. తాడు మీద వాళ్ళు పెట్టిన రంగు గుర్తు మొదటి వానకే చెరిగిపోయింది. థోమ్ తన పెళ్ళి రవిక చేతిని చించి, ఆ జాగాలో ఎర్రగుడ్డ ముడి వేసింది. రోజూ ఆ ముడి గొట్టం అంచును తాకేదాకా దించేది. పుల్ల ముంచేముందు చిటికెన వేలితో ఒక బొట్టు నాలుకకు రాసుకునేది. పుల్ల ఏం చెప్పబోతోందో నాలుక ముందే చెప్పేసేది. ఆమె పుట్టినప్పుడు మంత్రసాని నాలుక మీద ఉప్పురాయి పెడితే ఏ మడిలోదో ఏడుపులో చెప్పిందని ఊళ్ళో ఒక కథ ఉంది. ఆ కథ పుట్టించింది రెండక్కే అనుకోండి.

అలాంటి నాలుకకు ఇంట్లో విలువ లేదు. అత్తగారు, "నీది ఉప్పుచెయ్యి. మీ పుట్టిల్లు ఉప్పుమళ్ళ పక్కన కదా, చేతికి పట్టేసింది" అనేది. బెన్ సారాకు మిత్రులను పిలిచినప్పుడు, "మా ఇంట్లో రొయ్యల్ని కూడా పెంచొచ్చురా, మా ఆవిడ పులుసులో వదిలితే చాలు" అని నవ్వించేవాడు. థోమ్ కూడా నవ్వేది. నవ్వకపోతే "ఇంతమాత్రానికే మొహం ముడుచుకుంటావా" అంటారు. మొదట్లో ఆమెకు తెలుసు, ఉప్పు సరిపోయిందని. ముసలితనాన అత్తగారి నోరే చేదెక్కిందనీ తెలుసు. కానీ ప్రతి పొద్దూ ఒకే మాట చెవిలో పడుతుంటే మనిషి ఎంతకాలం తనను తాను నమ్ముకుంటుంది? ఎప్పుడు మొదలైందో తెలియదు, పులుసు రుచి చూసి తోడికోడలికి గరిటె అందించడం మొదలుపెట్టింది. "కొంచెం చూడవా, నాకు తెలియడంలేదు." ఊరి మడులన్నిటికీ నీళ్ళు బాగున్నాయో లేదో తేల్చే మనిషి, తన కుండలో ఉప్పుకు ఇంకొకరి నోరు అరువు తెచ్చుకునేది. తెల్లవారకముందు గొట్టం దగ్గర ఒక నాలుక, తెల్లవారాక పొయ్యి దగ్గర ఇంకో నాలుక. రెండూ ఒకటేనని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. తట్టి ఉంటే, అని ఇప్పుడనుకుంటుంది. ఇప్పుడు అనుకోవడానికి ఏముంది?

మామగారి తద్దినం ముందురోజు నీళ్ళు గీతకు దగ్గరగా వచ్చాయి. కొత్త సంవత్సరం పండగ తరవాత మడులు ఆరిపోయి అందరూ విడవకుండా తోడుతున్నారు మరి. రేపు కాస్త పెరిగినా పంపు ఆపించాలని థోమ్ అనుకుంది. కానీ మా వైపు తద్దినం అంటే కోడలు ముందురోజు సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి మర్నాడు సాయంత్రం బయటికొస్తుంది. బాతులు శుభ్రం చెయ్యాలి, కొబ్బరిపాలలో మాంసం ఉడకాలి, చింతపండు చేపల పులుసు కాగాలి, పెద్ద గుండిగలో అన్నం దిగాలి. కోడికూత వేళకు ఆమె మోచేతుల దాకా బాతు ఈకల్లో ఉంది.

"ఏమయ్యా, నేనిప్పుడు కదల్లేను. గొట్టం దగ్గరికి నువ్వు పోయొస్తావా లేదా చెప్పు."

"నేను చూసొస్తాలేవే. నా ఉద్యోగమే కదా" అన్నాడు బెన్, గోడ మీద టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటూ. వంటింట్లో ఆడవాళ్ళందరూ కిసుక్కున నవ్వారు.

"జాగ్రత్తగా చూడు. తాడు ఎర్ర..."

"ఐదో కోడలా! అరిటాకులు ఎక్కడ తగలేశావే? పూజగదిలో మీ మామ ఆకలితో కూచున్నాడు!"

అత్తగారి కేక. థోమ్ లేచి ఆకుల కోసం పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి బెన్ వెళ్ళిపోయాడు. ఆ సగం మాట ఆ గుమ్మంలోనే ఎక్కడో పడిపోయింది. తరవాత తరవాత ఆ గుమ్మం దాటినప్పుడల్లా ఆమెకు అది కాలికి తగిలినట్టుండేది.

జాడీల్లో దాచిన వాననీళ్ళు టీకి, పూజకు మాత్రమేనని అత్తగారి ఆజ్ఞ. వంటకు పంపు నీళ్ళే. ఇంకా తెల్లవారకముందే పులుసు తెర్లింది. థోమ్ గరిటెతో చుక్క తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు. ఉప్పు బదులు పోసే చేపల ఊట ఒక్కసారే పోసినట్టు గుర్తు. రెండోసారి పోశానా? నిద్ర లేదు, పొగ, కేకలు. పోసే ఉంటాను. తోడికోడలికి గరిటె అందించింది. ఆమె మూతి విరిచింది. అంతలో అత్తగారు వచ్చి తనూ చూసింది.

"ఇవాళైనా, పోయినాయన రోజైనా, చెయ్యి అదుపులో పెట్టుకోలేవా? రెండుసార్లు పోశావా?"

"పోశాననుకుంటానత్తమ్మా. ఏదో ధ్యాసలో..."

"నీ ధ్యాసకు చుట్టాలందరూ నీళ్ళు తాగి చావాలి. ఇంకో బిందె పొయ్యి."

పోసింది. ఉప్పు తగ్గాల్సినంత తగ్గలేదు. బిందెలో నీళ్ళు పక్కనే ఉన్నాయి. చిటికెన వేలు ముంచితే చాలు. రోజూ ఎవరూ చెప్పకుండా చేసే పని. ఆ రోజు ఆ వేలు గరిటె పట్టుకుని ఉంది, ఆ మనసు సిగ్గుపడుతూ ఉంది. సిగ్గుపడే మనిషికి ఆలోచన రాదు.

అప్పుడే పెరటి గుమ్మంలో రెండక్క కనిపించింది. తద్దినానికి అరిటాకులో చుట్టిన జిగురన్నం పొట్లాలు తెచ్చింది. కాళ్ళకు మడి ఇసక. లోపలికి రాలేదు. బయటనించే తలుపుచెక్క తట్టింది.

"ఏడూ, మైకులో తియ్యగా ఉన్నాయన్నారు. నిన్న నువ్వేమో ఆగమన్నావు. విత్తనపుల్లి ఊరే సమయం, ఆగితే పాయ చిన్నదైపోతుంది. పెట్టమంటావా?"

"మైకులో అన్నారుగా అక్కా."

"మైకు మాట నాకెందుకే? మీ ఆయన టోపీ పెట్టుకుని పోవడం చూశాను. నవ్వొచ్చింది. నీ మాట చెప్పు."

నోట్లో ఉప్పు ఇంకా ఉంది. తరవాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెకు ముందు గుర్తొచ్చేది అదే. అక్క అడుగుతున్నప్పుడు జవాబు తన నాలుక మీదే ఉంది. లోపలినుంచి "ఐదో కోడలా!" అని ఇంకో కేక. థోమ్ పొట్లాలు అందుకుంది.

"పెట్టుకో అక్కా. ఆయన చూశాడుగా. పెట్టేసుకో."

రెండక్క తలూపి వెళ్ళిపోయింది. చెల్లెలు చెబితే ఇక అనుమానం లేదు.

చుట్టాలు వచ్చారు. మగవాళ్ళు ముందు సారాతో మొదలుపెట్టారు, ఆ పైన బాతు, ఆ పైన పులుసు. పొద్దెక్కాక అన్నం దాకా వచ్చారు. అవతలి గదిలోంచి ఎవరిదో గొంతు వినిపించింది, "ఐదన్నా, మీ ఆవిడ ఇవాళ అన్నంలో కూడా ఉప్పేసిందిరోయ్!" గొల్లున నవ్వులు. బెన్ నవ్వు అన్నిటికన్నా గట్టిగా. "మా ఆవిడకు మొహమాటం లేదురా, ఏదీ వదలదు!" వంటింట్లో థోమ్ చెవులు వేడెక్కాయి. తల దించుకుని బొచ్చెలు తోముతూ ఉండిపోయింది. అన్నంలో ఎవరైనా ఉప్పు వేస్తారా అని ఆ గదిలో తాగినవాళ్ళు ఆలోచించలేదు సరే. తాగని ఆమె కూడా ఆలోచించలేదు. ఎగతాళి వినపడగానే తల వంచడం అలవాటైంది. తల వంచినవాళ్ళకు బొచ్చెలే కనిపిస్తాయి.

మగవాళ్ళ తరవాత పిల్లలు, పిల్లల తరవాత ముసలివాళ్ళు, ఆ తరవాత చుట్టాల ఆడవాళ్ళు. పొద్దు వాలుతుంటే గుండిగ అడుగున మాడుచెక్క మిగిలింది. థోమ్ పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, పొద్దుటినుంచీ మొదటిసారి, మాడుచెక్క విరిచి నోట్లో పెట్టుకుంది. కూరేమీ కలపలేదు. కలపడానికి ఏమీ మిగల్లేదు. వట్టి అన్నం.

ఉప్పగా ఉంది.

నమలడం ఆపేసింది. అన్నం తను వండింది. అన్నంలో తను ఉప్పు వెయ్యలేదు. ప్రపంచంలో ఏ ఆడదీ వెయ్యదు. అన్నంలో ఉన్నది బియ్యం, నీళ్ళు. బిందె దగ్గరికి వెళ్ళింది. వేలు ముంచింది. నాలుకకు రాసుకుంది. సముద్రం మొత్తం లేచొచ్చి ఆమె నాలుక మీద కూర్చుంది.

గరిటె చేతిలోనే ఉంది. దడి దూకి పరిగెత్తింది. చుట్టాలు ఏమనుకుంటారో అని ఆ రోజు ఆలోచించని క్షణం అదొక్కటే. రెండక్క మడి గట్టు మీద నీళ్ళు పెట్టిన రబ్బరు గొట్టం చుట్టుకుంటోంది. ఇసక చివరిదాకా నల్లగా తడిసి ఉంది. తియ్యటి వాసన వేస్తోంది, తడి ఇసక ఎప్పుడూ అలాగే మోసం చేస్తుంది.

"అక్కా, ఉప్పు. నీళ్ళు ఉప్పు."

రెండక్క చెల్లెల్ని చూసింది, చేతిలో గరిటెను చూసింది, తడిసిన మడిని చూసింది.

"నువ్వు పెట్టుకోమన్నావు కదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. అర్థం కానట్టు అడిగింది, అంతే. ఇసక తాగిన నీళ్ళను వెనక్కి పిలిచే మంత్రం మా దిబ్బల మీద ఎవరికీ రాదు.

ఆ తరవాత ఉల్లాకు కొనలు తెల్లబడ్డాయి. తెల్లబడి, సుడులు తిరిగి, వంగిపోయాయి. ఊళ్ళో అమ్మకపుల్లి వేసినవాళ్ళు కొంత నష్టంతో బయటపడ్డారు, పాయ ఊరి ఉంది కాబట్టి పీకేసుకున్నారు. విత్తనపుల్లి లేత పంట. నేలలోనే కుళ్ళింది. థోమ్ రోజూ పొద్దున్నే వెళ్ళి వాననీళ్ళ జాడీల్లోంచి దొంగతనంగా తెచ్చిన చెంబుతో వరసగా మొదళ్ళు కడుగుతూ వచ్చింది. మడికి చెంబు ఏం ఆనుతుంది? ఒక పొద్దున రెండక్క ఆమె చేతిలోంచి చెంబు తీసి గట్టు మీద పెట్టింది.

"చాల్లే. ఇంటికి వెళ్ళు, ఐదూ. మీవాళ్ళు కాచుకుని ఉంటారు."

ఐదూ అంది. అమ్మ పోయిన రాత్రి తన ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడూ ఏడూ అని జోకొట్టిన మనిషి. పెళ్ళిలో చెవి దగ్గరకొచ్చి, వాళ్ళు ఎన్ని పేర్లు పెట్టినా నాకు నువ్వు ఏడువే అన్న మనిషి. థోమ్‌కు ఊళ్ళో ఎవరూ ఇంత మర్యాదగా చెంప మీద కొట్టలేదు. గట్టు దిగి వచ్చేసింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. అక్క నా మాట నమ్మింది. నేను మాత్రం అక్క నమ్మినంత కూడా నన్ను నమ్ముకోలేదు. ముందు తిని ఉంటే తెలిసేది. ఒక్క ముద్ద, తెల్లవారగానే, అందరికన్నా ముందు, తప్పేముంది? వండిన మనిషి ముందు తినకూడదని ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఎవరూ పెట్టకుండానే తనూ, తన అత్తా, తన అమ్మా అందరూ ఆఖరునే తిన్నారు. అత్తగారు కూడా ఒకప్పుడు ఆ మాడుచెక్కే తినుంటుంది. అందుకే కాబోలు మొదటి చెంచాకు అంత కచ్చ.

నీళ్ళాఫీసు నుంచి ఖోయ్ గారనే ఆయన వచ్చి ఊరి సావడిలో అందర్నీ కూర్చోబెట్టాడు. నెమ్మదస్తుడు. అందరిచేత అన్నీ చెప్పించుకుని చివరికి బెన్ వైపు తిరిగాడు.

"ఆ రోజు మీరు కొలిచారా, బెన్ గారూ?"

"కొలవకపోవడమేంటండీ! ఇదిగో ఈ చేత్తో తాడు దించాను. సీసా నిండింది. పుల్ల ముంచాను. తియ్యగా చూపించింది. తప్పేమన్నా ఉంటే పుల్లది."

"పుల్ల బాగానే ఉంది, చూశాను. తాడు ఎందాకా దించారు?"

"నీళ్ళు తగిలిందాకా."

"ఎర్ర ముడి దాకా దించలేదా?"

"ఏ ముడి?"

సావడిలో ముందు ఎవరో దగ్గారు. తరవాత వెనకనించి ఒక గొంతు లేచింది, "ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ముడి ఒక్కసారి కూడా నీ కంట పడలేదా ఐదన్నా? మాకు దారినపోతుంటే కనిపిస్తుందే!" నవ్వులు. బెన్ మెడ మీదికి చెమట దిగింది. ఆ రోజు పోయిన మడుల యజమానులు మాత్రం నవ్వలేదు. బెన్ అటూ ఇటూ చూశాడు, టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిజం చెప్పేస్తానండి. కొలిచేది నేను కాదు. మా ఆవిడ. మొదట్నుంచీ ఆమే. ఆ ముడి సంగతి నాకు చెప్పాల్సిన బాధ్యత ఆమెది. చెప్పలేదు. తద్దినం హడావుడిలో పడి ఊరిని ముంచింది."

థోమ్ ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది. ఈ మాట కోసం ఆమె ఎన్నో ఏళ్ళు ఎదురుచూసింది. కొలిచేది మా ఆవిడేనండీ అని అతను నలుగురిలో అనడం, మనసులో ఎన్ని రకాలుగా ఊహించుకుందో. ఏదో పండగనాడు, కాస్త సారా తలకెక్కి, కాస్త గర్వంగా అంటాడని. తను సిగ్గుపడి, ఊరుకోండి అంటుందని. ఇదిగో, అన్నాడు. పనీ తప్పూ ఒకే పొట్లంలో కట్టి ఆమె చేతికిచ్చాడు. తియ్యగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళు అతనివి. ఉప్పెక్కిన రోజున ఆమెవయ్యాయి.

ఆమె లేచి నిలబడింది. గుమ్మం పక్కన రెండక్క కూర్చుని గోళ్ళలో ఇసక తీసుకుంటోంది. తలెత్తలేదు.

"కొలిచేది నేనే. ఆ రోజు కొలవలేదు. ముడి సంగతి చెప్పబోయాను, సగంలో పిలుపొచ్చింది, వెళ్ళాను. నా తప్పు అది కాదు." అక్క వైపు తిరిగింది. "తెల్లవారకముందే నా నాలుకకు ఉప్పు తగిలింది. నా చేతి దోషమనుకున్నాను. అందరూ అంటారు కాబట్టి అదే అయుంటుందనుకున్నాను. మా అక్క వచ్చి అడిగితే, నోట్లో ఉప్పు పెట్టుకుని నీళ్ళు పెట్టుకోమన్నాను. నా తప్పు అదీ."

కూర్చుంది. వెనక వరసలో అత్తగారు, "నలుగురిలో ఏం మాటలవి" అని గొణిగింది. ఖోయ్ గారు, "ఉప్పు దిగేదాకా పంపు ముయ్యాలి. ఇక రోజూ చూసి చెప్పేదెవరు?" అన్నాడు.

"ఆమే చూస్తుంది. నేను మైకుకు చెబుతాను. ఎప్పటిలాగే" అన్నాడు బెన్. టోపీ సరిచేసుకున్నాడు. అదేమీ వింతగా తోచలేదు సావడిలో ఎవరికీ.

మర్నాడు థోమ్ ఎర్ర ముడి గొట్టం అంచుకు తాకేదాకా తాడు దించింది. ముడి వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. బొట్టు నాలుకకు రాసుకుంది, పుల్ల ముంచింది. నాలుకా పుల్లా ఒకటే చెప్పాయి. తాడు చూరుకు తగిలించలేదు. భుజాన వేసుకుని, చుక్కలు కారుతుండగానే, నేరుగా మైకు గదికి నడిచింది. మైకులో చదివే పిల్ల క్వెన్ జుట్టు దువ్వుకుంటోంది.

"అయ్యో ఐదొదినా, నువ్వొచ్చావేంటి? ఐదన్న ఏడీ?"

"ఊయలలో."

"రోజూ ఫోన్లో ఆవులిస్తూ చెప్పేవాడు. సరే, ఏం చదవను?"

"ఉప్పు ఇంకా దిగలేదు. పంపు ఎవరూ ముట్టుకోవద్దు. ఏడో థోమ్ కొలిచి చెప్పింది. అంతే చదువు."

"ఏడో థోమా?" క్వెన్ దువ్వెన ఆపింది. "ఎవరొదినా ఆమె? మన ఊరేనా?"

"నువ్వు చదువమ్మా. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది."

తిరిగొచ్చే దారి రెండక్క మడి పక్కనించే. రెండక్క గొంతుక్కూర్చుని కుళ్ళిన ఉల్లిని పీకి బుట్టలో వేస్తోంది. వాళ్ళమ్మ అటక మీదనుంచి దిగొచ్చిన విత్తనం, ఒక్కొక్కటీ మెత్తగా ఊడి చేతికొస్తోంది. కొబ్బరిచెట్టు మీద మైకు గొంతు సవరించుకుంది. ఊరివారికి తెలియజేయునది అంది. ఏడో థోమ్ అంది. రెండక్క చెయ్యి ఒక్క క్షణం మొక్క మీద ఆగింది. మళ్ళీ పీకడం మొదలుపెట్టింది. తల తిప్పలేదు. థోమ్ గట్టు అవతల కాసేపు నిలబడింది. పిలవలేదు. ఆ అంకె మళ్ళీ అక్క నోట వినాలంటే అడిగి పుచ్చుకునేది కాదని ఆమెకు తెలుసు. బహుశా ఎప్పటికీ వినకపోవచ్చు. అయినా ఆ పేరుతోనే రేపు కూడా వచ్చి చెప్పాలి, ఎల్లుండి కూడా.

ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. జాడీలోంచి వాననీళ్ళు ముంచుకుని, ఎవరినీ అడక్కుండా, పులుసు కాచింది. గరిటెతో చుక్క తీసి రుచి చూసింది. తోడికోడలు అలవాటుగా చెయ్యి చాచింది. థోమ్ గరిటె ఇవ్వలేదు. చిన్న గిన్నెలో అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని, పొయ్యి దగ్గరే కూర్చుని ముందు తను తినేసింది. ఆ తరవాత అత్తగారికి గిన్నె పట్టుకెళ్ళింది. బెన్ ఊయలలోంచి ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ముసలావిడ చెంచా నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"పులుసు ఉప్పుకషాయమైంది. ఇందాక మైకులో ఏడో థోమ్ అన్నారు, ఎవరే అది?"

ఆ రోజు పొద్దు ఆవిడ కోసం ఆగలేదు, ఎప్పుడో పైకొచ్చేసింది. వాకిట్లో ఎండ పరుచుకుని ఉంది. థోమ్ అత్తగారి గిన్నెలోంచే ఒక చెంచా తీసుకుంది. గొట్టం దగ్గర నీళ్ళు చూసినట్టు, నాలుక మీద నిలిపి, తొందరపడకుండా చూసింది.

"నేనే అత్తమ్మా. ఉప్పు సరిపోయింది. తినండి."